మీగడ కట్టేదాకా చీకటి

నిన్న సాయంత్రం మా వీధిలో కరెంటు పోతే మనవరాలు దేవుడి గూట్లోని ప్రమిద వెలిగించి తెచ్చి హాల్లో పెట్టింది. తిరుపతిలో ఇప్పుడు కరెంటు పోయినా ఎంతోసేపు పోదు. ట్యూబులైటు వెలగగానే నేను రెండు వేళ్ళతో ఒత్తి నొక్కేశాను. వెలుగుండగా ఇంకో వెలుగెందుకు, నూనె దండగ. ఆరిన ఒత్తి నుంచి సన్నగా పొగ లేచింది. ఆ వాసన ముక్కుకు తగలగానే జయరామయ్య సారు నా ఎదుట కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటున్నట్టే అనిపించింది. ఆయన మీకెవరికీ తెలియరు. శేషాచలం కొండల కింద ఉన్న మా అడవికి ఫారెస్టరుగా వచ్చిన మనిషి. రెండో తరగతితో బడి మానేసిన నాకు, తల నెరిశాక, ఆకాశం చూడటం నేర్పిన మనిషి.

తొంభైలు ముగియవస్తున్న రోజులవి. అడవి బంగళాకు ఎదురుగా నాకో చిన్న హోటలు ఉండేది. హోటలంటే చాలా పెద్దమాట. రెండు బల్లలు, ఒక పొయ్యి, రాగి సంగటి, నంజుకోను చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, అంతే. సంగటి దిగగానే కట్టెలు వెనక్కి లాగి, నీళ్ళు చల్లి, బొగ్గులు ఆరబెట్టుకునేదాన్ని. తినేవాళ్ళు మజ్జిగలోకి వచ్చేసరికి లాంతరు తగ్గించి ఆర్పేసేదాన్ని. మజ్జిగన్నానికి ఏరుకోవడానికి ముళ్ళుంటాయా, ఎముకలుంటాయా? ఊళ్ళో అందరికీ ఈ అలవాటు తెలుసు, నవ్వుకునేవాళ్ళు. సారుకు తెలియదు. నాయుడుపేట నుంచి బదిలీ మీద వచ్చి మొదటిసారి నా బల్ల దగ్గర కూర్చున్నారు.

"అక్కా, దీపం ఆరిపోయినట్టుండాది. ఇంకా తింటా ఉండాను" అన్నారు చీకట్లోంచి.

"ఆరిపోలా, నేనే ఆర్పినా. మజ్జిగన్నానికి దీపమెందుకు? నోటికి దోవ తెలీదా సారూ?"

కొత్త ఆఫీసరు, కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన పొలమారేంతగా నవ్వారు. "ఈ ముక్క మా ఆఫీసులో గోడ మీద రాయించాల" అన్నారు. నా పిసినారితనాన్ని చూసి సంతోషపడిన మొదటి మనిషి ఆయనే.

ఆయనది వింత ఉద్యోగం అనిపించేది. పగలు ఎర్రచందనం చెట్ల మధ్య గస్తీ. పొద్దు గూకితే బంగళా దీపాలతో పోట్లాట. కిటికీలకు గోనెపట్టలు కట్టించారు. నేను దాచిపెట్టుకున్న ఖాళీ నూనె డబ్బాలు అడిగి తీసుకుపోయి, రేకు కత్తిరించి, బయటి బల్బులకు టోపీలు చేయించారు, వెలుగు నేల మీదే పడేటట్టు. అడవి చూడవచ్చిన వాళ్ళ టార్చిలకు కట్టడానికి ఎర్రగుడ్డ కావాలంటే నా చిరిగిన చీర కొంగు ఇచ్చాను. ఊరికే పారేసేదాన్ని కాదు కనుక నా దగ్గర అన్నీ ఉండేవి. ఎందుకివన్నీ అంటే, "చీకటి కూడా అడవిలో ఒక జీవమే అక్కా. దాన్ని కూడా కాపాడాల" అనేవారు. నాకు అర్థం కాలేదు. కట్టెలు కొట్టేవాడి నుంచి చెట్టును కాపాడొచ్చు, చీకటిని ఎవడెత్తుకుపోతాడు?

ఎత్తుకుపోయేవాడు త్వరలోనే వచ్చాడు. మా అడవి సమితికి పెద్ద చెంగల్రాయుడు. మంచివాడే, మా ఊరికి నాలుగు బస్సులు రావాలని తాపత్రయపడే మనిషి. బంగళా వెనక మడుగు ఉంది. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల జంతువులకు నీళ్ళు దొరికేది అక్కడొక్కచోటే. ఆ మడుగు పక్కన ఎత్తైన స్తంభం పాతి పెద్ద లైట్లు పెడితే, కూర్చున్న చోటినుంచే జనం నీళ్ళకొచ్చే కణితి దుప్పులను చూడొచ్చని ఆయన ఆలోచన. సమితి సరేనంటే పని మొదలవుతుంది. లైటుంటే జనం రాత్రికి నిలుస్తారు, నిలిస్తే నా దగ్గరే తింటారు. నేనూ సమితిలో ఉన్నాను. చేయి ఎత్తుతానని మాటిచ్చేశాను కూడా.

సారుకు ఆ సంగతి తెలిసింది. కోప్పడలేదు. "లైటు పడితే కణితులు నీళ్ళకు రావక్కా. రాత్రిళ్ళు కొమ్మల మీద తిరిగే దేవాంగపిల్లి ఆ చెట్లే వదిలేస్తాది. ఒకసారి స్తంభం లేచిందంటే దించేవాళ్ళుండరు. నీ చెయ్యి నీ ఇష్టం. ఎత్తేముందు ఒక్క పని చెయ్యి" అన్నారు.

"ఏంది సారూ?"

"రేపు అందరూ తిన్నాక పొయ్యి మీది పాలు దించి, మడుగు కాడ బండ మీద కూర్చో. పాల మీద మీగడ కట్టేదాకా లేవొద్దు. దీపం తేవొద్దు."

ధనుర్మాసపు చలి. అమావాస్య దగ్గరపడింది. పాలచెంబు పక్కన పెట్టుకుని, కొంగు కప్పుకుని కూర్చున్నాను. ఆయన కాస్త దూరంగా కూర్చున్నారు. మొదట అంతా మసి. "ఏముండాది సారూ ఈడ? దోమలు తప్ప" అన్నాను.

"నోటికి దోవ తెలిసినట్టే కంటికీ తెలుస్తాది అక్కా. దానికి కొంచెం టైమియ్యాల."

కొండ వైపు చూస్తూ కూర్చున్నాను. ముందు కొండ అంచు తేలింది. తర్వాత నడినెత్తిన పిల్లలకోడి కనిపించింది. చిన్నప్పుడు మా అవ్వ చూపించిన చుక్కల గుంపు. అప్పుడు చూసినదాన్ని మళ్ళీ తలెత్తి వెతకలేదు. దానికింద వరసగా మూడు చుక్కల గొల్లకావిడి. ఆ రెంటి నడుమ ఖాళీ అనుకున్న చోట మరిన్ని, వాటి నడుమ పొడిపొడిగా ఇంకెన్నో. జాలారి చెట్ల కొమ్మల సందుల్లో కూడా చుక్కలే. చేట జారి నూకలు ఇల్లంతా చిందినట్టు, ఏరుకోవడానికి నా చేతులు తహతహలాడాయి. జీవితమంతా చెంచాడు నూనె మిగల్చడానికి లాంతరు ఆర్పినదాన్ని. నేను ఆర్పిన ప్రతిసారీ నా నెత్తిన ఇంత వెలుగు ఒలికిపోతూ ఉండిందా? పొదుపంటే ఎరగని ఇల్లు ఎవరిది ఇది? ఊపిరి గట్టిగా తీయాలంటే భయమేసింది.

అప్పుడే మడుగులో నీళ్ళు కదిలిన చప్పుడు. కణితి వంగి తాగుతోంది. ఒంటి రూపు కనిపించలేదు, కొమ్ములున్నంత మేర నీళ్ళలోని చుక్కలు మాయమై, అది తలెత్తి కదిలితే మళ్ళీ తేలుతున్నాయి. నాకెందుకో రెండు చేతులూ జోడించాలనిపించింది. జోడించాను. పాలు ఎప్పుడు చల్లారాయో చూసుకోలేదు. మీగడ మందంగా కట్టింది.

సమితి కూర్చున్న రోజు నేను చేయి ఎత్తలేదు, లేచి నిలబడ్డాను. చెంగల్రాయుడు పకపకా నవ్వాడు. "మునెమ్మక్క లైటు కావాలంటాదా అబ్బా! ఆమె ఇంట్లో పిల్లి కూడా చీకట్లోనే పాలు తాగాల."

"తాగతాది. ఒక్క చుక్క కింద పోయకుండా తాగతాది" అన్నాను. "రాయుడూ, నేను దండగ ఖర్చుకు ఏనాడన్నా ఒప్పుకున్నానా? పైన ఊరికే వచ్చే వెలుగుండాది. దాన్ని కప్పెట్టేదానికి మనం కరెంటుకు దుడ్డు పోయాలంటావా? నువ్వు ఒకపారి ఆ బండ మీద కూర్చొని రా. ఆపైన స్తంభం పాతాలంటే గుంత నేనే తవ్విస్తా."

రాయుడు కూర్చున్నాడు. మర్నాడు స్తంభం మాట తనే వెనక్కి తీసుకున్నాడు. స్తంభం రాలేదు.

ఆ ఏడాది నా పొయ్యి సగం రోజులు వెలగలేదు. చీకటికి భయపడి తిట్టుకుంటూ వెళ్ళిన బస్సులున్నాయి. తర్వాత వేరే రకం జనం రావడం మొదలైంది. మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు. మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దామె బండ మీద నుంచి లేవనని మొండికేసింది. ఆమెకు సంగటి అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను, దీపం లేకుండానే.

సారుకు మళ్ళీ బదిలీ వచ్చింది. ఆఖరి పూట నా దగ్గరే తిన్నారు. ఆయన మజ్జిగలోకి వచ్చారు. నేను లాంతరు ముట్టుకోలేదు. అంతకన్నా పెద్ద మర్యాద చేయడం నాకు చేతకాదు. ఆయన ఒక్క క్షణం లాంతరు వైపు, నా వైపు చూశారు. ఎడమచేత్తో ఒత్తి తగ్గించి తానే ఆర్పేశారు.

"నోటికి దోవ తెలీదా అక్కా?" అన్నారు. ఈసారి ఇద్దరం నవ్వలేదు.

ఆయన కన్నుమూసి చాలాకాలమైంది. నిన్న ఒత్తి పొగ ఇంకా హాల్లో ఉండగానే ట్యూబులైటు ఆర్పేసి, వేడి పాలగ్లాసు ఇచ్చి మనవరాలిని మిద్దె మీదికి తీసుకెళ్ళాను. "ఈడ ఏం కనపడతాది అవ్వా, ఊరంతా లైట్లే" అని విసుక్కుంది. మీగడ కట్టేదాకా ఊరుకోమన్నాను. పట్నం మీది ఆకాశం బూడిదరంగులో ఉంది. చాలాసేపటికి అందులో ఒకటీ రెండూ చుక్కలు తేలాయి. పిల్ల నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఎటు చూస్తోందో నేను అడగలేదు. నేనూ అటే చూస్తున్నాను.