మూడో సిలిండర్ సీటు

ఆ గీత నేను ముందే చూశాను. తలెత్తుకుని చెప్పుకునే సంగతి తర్వాత ఉంది. సిగ్గుపడాల్సిన సంగతి ముందు జరిగింది కాబట్టి అదే ముందు చెబుతాను.

అప్పట్లో విశాఖలో హైవే పక్కన ఒక కార్ల షెడ్డులో పనిచేసేవాణ్ణి. మాది సబ్బవరం దగ్గర పల్లె. పొలాలు ప్లాట్లయిపోయాక స్పానర్లు పట్టుకున్నాను. పదకొండేళ్లు ఆ ఒక్క షెడ్డులోనే గడిపాను. మా ఓనరుకు ఇంజన్ పని బాగానే వచ్చు, ఓపికే లేదు. ఫోన్లో వీడియోలు చూసి పోర్టింగ్ మొదలుపెట్టాడు. ఇంజన్ మీద ఉండే హెడ్డులో గాలీ పెట్రోలూ లోపలికి వెళ్లే దారులుంటాయి, పొగ బయటికొచ్చే దారులుంటాయి. వాటి గరుకు తీసి, కొలత ప్రకారం కాస్త విశాలం చేస్తే ఇంజన్ తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది. రెండు రోజుల పని అది. మా ఓనరు గ్రైండరు పట్టుకుని గంటన్నరలో అయిందనిపించేవాడు.

ఒకరోజు ఒకావిడ పాత పెట్రోలు కారు తెచ్చింది. జాలరిపేట మనిషి. భర్తా మరిదీ బోటు మీద వేటకెళతారు. ఆవిడ కారు వెనక సీటు పీకేసి, చేపలు ఐసుపెట్టెల్లో వేసుకుని హార్బరు నుంచి పెందుర్తి దాకా, సబ్బవరం దాకా తిరిగి అమ్ముతుంది. ఇంజన్ వేడెక్కి, హెడ్డు కింద అతుకులో ఉండే పలచటి రేకు, గాస్కెట్, పోయింది. అది మారిస్తే సరిపోయేది.

ఓనరు ఊరుకోలేదు. "ఎలాగా హెడ్డు విప్పుతన్నాం కదమ్మా, పోర్టింగ్ కూడా సేసేద్దాం. ఎంత లోడైనా లాగేస్తాది" అన్నాడు. ఆవిడ నమ్మింది.

అతను గ్రైండరు పెట్టడం అయ్యాక హెడ్డు కడిగింది నేనే. నాలుగు సిలిండర్లకీ నాలుగు సైజుల దారులు. ఒకదాంట్లో నా చూపుడువేలు బిగుతుగా పట్టింది, పక్కదాంట్లో బొటనవేలు సులువుగా తిరిగింది. ఆ దారుల్ని తెరిచి మూసే వాల్వు వచ్చి కూర్చునే ఇనుప ఉంగరాన్ని సీటంటాం. మూడో సిలిండర్ సీటు మీద గోరు తట్టుకునేంత గీత పడింది. గీత ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు.

"సీటుకి గ్రైండరు తగిలింది" అన్నాను.

"బిగించేయ్. నడస్తా నడస్తా అదే కూసుంటాది" అన్నాడు.

బిగించాను.

వారానికే ఆవిడ తిరిగొచ్చింది. ఎత్తు ఎక్కట్లేదంది, ఆగితే బండి వణుకుతోందంది. ప్లగ్గులు మార్చి పంపించాడు. మళ్లీ వస్తే ఏదో శుభ్రం చేశామని చెప్పి పంపించాడు. మూడోసారి వచ్చినప్పుడు షెడ్డులో ఇద్దరు కస్టమర్లున్నారు. వాళ్లకి వినబడేలా అన్నాడు:

"బండిలో ఏటీ నేదమ్మా. ఆడోళ్లు క్లచ్ మీద కాలెట్టి నడుపుతారు. అదే రోగం."

ఆవిడ కొంగు బిగించి ఎదురుగా నిలబడింది. "నా కాలెక్కడెట్టాలో నాకు తెల్దేటి? పన్నెండేళ్లుగా నడుపుతన్నాను. నువ్వు ముట్టుకోకముందు లాగింది, ముట్టుకున్నాక లాగట్లేదు. నా కాలు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే."

నవ్వబోయిన కస్టమర్లు ఆగిపోయారు.

"అప్పా, తప్పు నీ కాలుది కాదు. హెడ్డు విప్పి సూపిత్తాను" అని అక్క వరస కలిపి అన్నాను.

ఓనరు నా వైపు తిరిగాడు. "ఎవుడ్నడిగి విప్పుతావురా? సెయ్యెట్టావంటే రేపట్నుంచి రానక్కర్నేదు."

"రాను" అన్నాను.

ఆ మాట అంటానని అంతకుముందు క్షణం దాకా నాకూ తెలియదు. నాతో పనిచేసే అతను దగ్గరికొచ్చి, "బావా, ఎందుకొచ్చిన గొడవ, ఊరుకో" అని గొణిగాడు. నేను బానెట్ ఎత్తేసరికి మాత్రం, నాకు కావలసిన సాకెట్టు స్పానరు తెచ్చి చేతిలో పెట్టాడు.

హెడ్డు ఊడేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ స్టూలు మీంచి లేవలేదు. కస్టమర్లూ కదల్లేదు. ఓనరు ఫోన్లో మాట్లాడుతున్నట్టు అటూ ఇటూ తిరిగాడు. హెడ్డును షెడ్డు బయట బల్ల మీద తిరగేసి పెట్టాను. ప్లగ్గులు బిగించి, వాల్వులన్నీ మూసుకునేలా చూశాను. అలా ఉన్నప్పుడు, ఒక్కో సిలిండరుకీ హెడ్డులో ఉండే గుంతల్లో పెట్రోలు పోస్తే చుక్క కారకూడదు. అదే వాళ్లకి చెప్పి పోశాను.

మొదటిది నిలిచింది. రెండోదీ నిలిచింది. మూడోదాంట్లో పోసిన పెట్రోలు నెమ్మదిగా దిగిపోయింది. పక్క దారిలోంచి సన్నగా కారి, బల్ల అంచు మీంచి నేల మీద పడింది. ఆవిడ ఆ ధార కింద వేలు పెట్టి ఓనరుకు చూపించింది.

"ఇదేనా నా కాలు?"

"పాత వాల్వది, అరిగిపోయుంటాది" అన్నాడతను. వాల్వు తీసి, "సీటు మీద గోరెట్టి సూడండి" అన్నాను. అతను పెట్టలేదు. కస్టమరొకాయన పెట్టి చూసి, తన కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కుని నా పెట్టె సర్దుకుంటుంటే ఆవిడ వచ్చి అడిగింది: "ఇది నువ్వు ముందే సూసేవా?"

"సూసేను. సూసే బిగించాను."

తిడుతుందనుకున్నాను. "అయితే నువ్వే బాగు సెయ్యాలి. ఇక్కడ కాదు" అంది.

ఆవిడ మరిది ఆటోకి తాడు కట్టి కారుని కంచరపాలెం లాక్కొచ్చాడు. రైలు పట్టాల పక్కన వాళ్ల బంధువుల రేకుల షెడ్డొకటి ఖాళీగా ఉంది. పాత హెడ్డు దారుల గోడలు మరీ పలచబడిపోయాయి, అది పనికిరాదని చెప్పేశాను. నాలుగు రోజులు తిరిగి, అదే మోడలుది ఎవరూ గ్రైండరు పెట్టని సెకండ్‌హ్యాండ్ హెడ్డు సంపాదించాను. వాల్వులు సీట్ల మీద సరిగ్గా కూర్చునేలా పేస్టుతో రుద్ది, పెట్రోలు పోసి ఆవిడకి చూపించి మరీ బిగించాను. బండి మునుపటిలాగే లాగింది. మర్నాడే చేపలకి వెళ్లింది.

ఓనరు మాత్రం నన్ను వదల్లేదు. తిన్న ఇంటికే ద్రోహం చేశాడని ఊరంతా చెప్పాడు. రెండు షెడ్లలో పని అడిగితే మొహం మీదే లేదన్నారు. మూడో చోట అడగడం మానేసి ఆ రేకుల షెడ్డులోనే ఉండిపోయాను. పోర్టింగ్ అడిగినవాళ్లకి చేస్తాను. రెండు రోజులు పడుతుందంటాను. ఆగలేనివాళ్లని ఆపను.

మొన్నామధ్య స్పేర్ పార్ట్స్ కొట్లో ఓనరు ఎదురయ్యాడు. జుట్టు బాగా నెరిసింది. "జరిగిందేదో జరిగింది. మళ్లీ రా, మంచి పనోడు దొరకట్లేదు" అన్నాడు.

"వొస్తాను. ముందు మీరు జాలరిపేట ఎల్లి, ఆవిడ కాలుది తప్పు కాదని సెప్పి రండి."

అతను పొట్లం తీసుకుని మెట్లు దిగిపోయాడు. కౌంటరు దగ్గర నా వంతు వచ్చింది. వాల్వు సీల్స్ ఒక సెట్టు అడిగాను.