మేనత్త ఇచ్చిపోయిన నెత్తురు

మద్దేడ్‌లో మా మేనత్త పోయిందని ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను దుకాణంలో చింతపండు తూస్తున్నాను. "అమ్మ లేదు బావా," అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. నా కళ్ళ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసింది ఆమె ఒక్కతెకే.

దుకాణం లెక్కలు తప్ప నేను రాసిందేమీ లేదు. ఆమె గురించి మాత్రం చూపు ఉండగానే రాయాలనిపించింది.

అత్తకు నలభై దాటకముందే చూపు పోయింది. మొదట చీకట్లో కనబడలేదు. తరువాత పక్కలు పోయాయి. చివరికి నడిమి వెలుతురూ ఆరిపోయింది. ఎవరో చేతబడి అన్నారు, ఎవరో ఆకుపసరు పోశారు. అది వంశంలో వచ్చే జబ్బని నా కళ్ళు చెడ్డాకే తెలిసింది.

ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు తనే ఇచ్చేది, కోడలిని ఇవ్వనిచ్చేది కాదు. ఒక సాయంత్రం నేను పోతే చెంబు చాపి నిలబడింది.

"పట్టుకోరా అల్లుడా."

"ఏదత్తా?"

"ఏదంటవేంది? నీ పక్కనే ఉన్నది గదా."

తడుముకోబోతే నా చెయ్యి తగిలి నీళ్ళన్నీ ఆమె కాళ్ళ మీద పడ్డాయి. పకపకా నవ్వింది. "మంచిగున్నది, గుడ్డిదానికి గుడ్డోడు దొరికిండు!" ఆ మాట నోట్లో ఉండగానే నవ్వు ఆగిపోయింది. తడిచేత్తో నా ముఖం వెతుక్కుంది. "ఎన్నాళ్ళాయెరా?" అని మెల్లగా అడిగింది.

వారానికోసారి కోడలి చేత వంటింట్లో డబ్బాలన్నీ చోటు మార్పించేది. కోడలు విసుక్కునేది. "అలవాటైన చోట గుడ్డిది కూడా దొరసానే. ఆ దొరతనం మరిగితే గడప దాటబుద్ధి కాదు," అనేది అత్త.

హైదరాబాదు డాక్టరు నాకు చెప్పింది తక్కువే. కొత్త చికిత్స ఒకటి ఇంకా పరీక్షల్లో ఉంది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడవచ్చు, అదీ హామీ లేదు. ఏ లోపం వల్ల వచ్చిందో ముందు తేలాలి. ఇంట్లో ఇదే జబ్బున్న ఇంకొకరి నెత్తురు ఉంటే తేల్చడం సులువు.

అత్తకు చెబితే మర్నాడే బస్సెక్కింది. ఆమెను డాక్టరుకు చూపించడానికే తీసుకుపోతున్నానని ఇంట్లో చెప్పాను. సూది గుచ్చుతుంటే నర్సమ్మతో, "నల్లులు ఇన్నేండ్లు ఊరికే తాగినయి. నువ్వన్న నా అల్లునికి పనికొచ్చేటట్టు తాగు బిడ్డా," అంది. నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

తిరుగు బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నీ బిడ్డ కండ్లు డాక్టరుకు చూపించినవా?"

"లేదత్తా."

"భయమా?"

నేను టికెట్లు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

"భయపడు, ఎవరొద్దన్నరు? కూసోని భయపడకు. పోయి భయపడు."

రిపోర్టు ఇంకా రాలేదు. నాలుగు రోజుల జ్వరంతో అత్త పోయింది. చితి ఆరేదాకా దగ్గరే ఉన్నాను. ఆమెది అంతా బూడిదైంది. నెత్తురు మాత్రం హైదరాబాదులో ఒక చిన్న సీసాలో, నా కోసం చల్లగా ఉంది. ఆ తలంపు వస్తే నాకు ధైర్యం రాదు, ఒళ్ళు జలదరిస్తుంది. సీసా చెప్పే మాట నా ఒక్కడి గురించే కాదు కదా.

పెద్దకర్మ అయ్యాక ఇంటికి వచ్చిన సాయంత్రం కరెంటు పోయింది. పాప వాకిట్లో నా పక్కన నిలబడి ఉంది. నాకు చుక్కలు కనబడక ఏళ్ళయింది. పాపనే అడిగాను.

"బిడ్డా, చుక్కలు పొడిచినయా?"

పాప తలెత్తి చాలాసేపు చూసింది.

"ఒక్కటి లేదు నాయినా. మబ్బు పట్టినట్టున్నది."

మబ్బు ఉందో లేదో నాకు తెలియదు. లోపల ఉన్న నా భార్యను బయటికి రమ్మని పిలిచాను. ఆమె చేతిలో పని వదిలి వచ్చేదాకా మేమిద్దరం తలలెత్తి ఆ నల్లటి ఆకాశం కిందే నిలబడ్డాం.