క్యాటలిస్టుకు కొబ్బరికాయ

ఆ రోజుల్లో అనగానే జుట్టు నెరిసినవాడెవరో చెబుతున్నాడనుకోకండి; మొన్నమొన్నటి మాటే. (ఉద్యోగంలో చేరాక ఒక్కో ఏడాదికి మూడేళ్ల వయసు వస్తుంది.) శంషాబాద్ దగ్గర ఒక చిన్న ల్యాబులో నేను ట్రెయినీని. అల్యూమినా పొడికి రాగి ఉప్పు పట్టించి క్యాటలిస్టు చేసేవాళ్లం. ఇథిలీన్‌కి, హైడ్రోజన్ క్లోరైడుకి, ఆక్సిజన్‌కి మధ్య సంబంధం కుదిర్చేది అదే. ఆ సంబంధం ముదిరి ముదిరి చివరికి మీ ఇంటి పీవీసీ పైపు అవుతుంది. ఆ రోజు కస్టమరు విమానం దిగి నేరుగా మా ట్రయల్ చూడటానికి వస్తున్నాడు. "ఇది సవ్యంగా జరిగితే నిన్ను పర్మనెంట్ చేయిస్తానయ్యా," అన్నారు మా సారు.

సారుది కోనసీమ. కొబ్బరికాయ కొట్టకుండా కొత్త బల్బు కూడా వెయ్యరు. క్యాటలిస్టు పళ్లేన్ని దేవుడి పటం ముందు పెట్టించి, కాయ నా చేతికిచ్చారు. పర్మనెంట్ కాబోతున్న ఊపులో ఒక్కటిచ్చాను. నీళ్లన్నీ పళ్లెంలోకే పోయాయి. గోధుమరంగు పొడి కళ్లముందే పచ్చబడింది. (తడి తగిలితే ఆ రాగి ఉప్పు అంతే.)

"ఏమిటయ్యా ఇది!" సారు గొంతు ఎండిపోయింది. (అప్పుడు ల్యాబులో పొడిగా ఉన్నది అదొక్కటే.)

"పరేషాన్ గాకుండ్రి సార్, పచ్చగైతే మంచిదే గద," అంది కొత్వాల్‌గూడ నుంచి వచ్చే ల్యాబు అక్క.

"నా నౌకరి గూడ పచ్చగుంటదా అక్కా?"

"ముందుగాల ఓవెన్ల పెట్టు తమ్మీ. నీ నౌకరి సంగతి ఇగ తర్వాత జూద్దాం."

పెట్టాం. వేరే శాంపిల్ లేదు మరి. కస్టమరు అత్తాపూర్ మీదుగా వచ్చేవాడైతే ట్రాఫిక్కే మమ్మల్ని కాపాడేది. ఎయిర్‌పోర్టు పక్కనే కావడంతో ఇట్టే వచ్చేశాడు. ఓవెన్ తెరిస్తే పొడికి పాత రంగు వచ్చింది గానీ, కొబ్బరినీళ్లలోని తీపంతా మాడి ల్యాబు మిఠాయి కొట్టులా ఘుమఘుమలాడింది. ఆయన ముక్కు ఎగబీల్చి, "కొబ్బరి లౌజు గానీ చేస్తున్నారా?" అన్నాడు. సారు గోడకేసి చూశారు. నేను జరిగింది చెప్పేసి, అక్కడితో ఆగొచ్చుగా, "ఈ రియాక్షన్‌లో ఎలాగూ నీళ్లు పుడతాయి కదా సార్, కాస్త ముందే అలవాటు చేశాం," అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ట్రయల్ వాయిదా వేసి, కొత్త శాంపిల్ అయ్యాక మళ్లీ వస్తానన్నాడు. సారు మాత్రం నవ్వకుండానే నా ప్రొబేషన్ పొడిగించారు.

తర్వాత పర్మనెంట్ అయ్యాను లెండి. ఇప్పుడు కస్టమర్లొస్తే చొక్కా సర్దుకుని "శాంపిల్ సిద్ధంగా ఉంది సార్" అంటాను. అంతకుమించి నోరు విప్పను. ఉద్యోగం ఊడబోతున్నా జోకు మింగలేకపోయిన ఆ ట్రెయినీ ఎటు పోయాడో. కనిపిస్తే ఓసారి నా సీటు దగ్గరికి రమ్మనండి, ఇక్కడ మహా బోరు కొడుతోంది.