బ్రేకులు ముందే పోయాయి

మా కారు బ్రేకు తొక్కినప్పుడల్లా ఇనుము రాచినట్టు కీచుమనేది. ఏలూరులో మా వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే మా అత్తగారు కొడుకు వచ్చేశాడని పొయ్యి మీద టీ నీళ్లు పెట్టేవారు. ఇంట్లో అందరికీ అదో సరదా. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మా వారికి బట్టల దుకాణం. కారంటే ప్రాణం. కొత్త సీటు కవర్లు వేయించారు, పెద్ద స్పీకర్లు పెట్టించారు. బ్రేకుల మాటెత్తితే మాత్రం "పెళ్లిళ్ల సీజన్ దాటనివ్వు" అనేవారు. పెళ్లిళ్లయ్యాక ఆషాఢం అమ్మకాలు అడ్డొచ్చాయి. ప్యాడ్లు అరిగిపోయాయి, బ్రేక్ ఆయిల్ కారుతోంది, బండి ఇక్కడే వదిలి వెళ్లండి అని మెకానిక్ చెప్పాడు. "రేపు పంపిస్తానండీ" అని ఈయన అదే బండిలో ఇంటికొచ్చేశారు. ఆ రేపు రానే లేదు.

ఆషాఢం దాటాక ఒక ఆదివారం కైకలూరులో మా ఆడపడుచు గృహప్రవేశం.

"ఏవండీ, బస్సులో వెళ్దామండీ" అన్నాను.

"ఇన్నాళ్లూ నడపడం లేదూ?" అన్నారు.

"బయల్దేరేటప్పుడు ఆ మాటలేంటమ్మా" అని వెనక సీట్లోంచి అత్తగారు. ఎక్కి కూర్చున్నాను.

కొల్లేరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ముందు పోతున్న చేపల లారీలోంచి నీళ్లు కారి రోడ్డంతా తడిగా ఉంది. ఉన్నట్టుండి లారీ ఆగింది. మా వారు బ్రేకు తొక్కారు. పెడల్ పూర్తిగా కిందికి దిగిపోయింది గాని కారు ఆగలేదు. మళ్లీ మళ్లీ తొక్కుతూనే స్టీరింగ్ పక్కకి తిప్పేశారు. రోడ్డు వారగా సైకిలు మీద చేపల మేత బస్తా వేసుకుని నడిపించుకుంటూ పోతున్న ఒక పెద్దాయనని గుద్ది, కారు మట్టి దిబ్బలోకి దూసుకుపోయి ఆగింది.

నేను దిగి పరుగెత్తాను. ఆయన కుడిచెయ్యి బస్తా కింద ఇరుక్కుపోయింది. "మా ఆవిడికి ఫోన్ చేయండమ్మా" అంటున్నారు, అదొక్కటే మాట.

చెరువుల దగ్గరివాళ్లు చుట్టూ మూగారు. మా వారు చేతులు జోడించారు.

"సడన్‌గా బ్రేకులు ఫెయిలయ్యాయండీ. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

జనం మెత్తబడ్డారు. "పోనీలెండి, మీకూ పెద్ద గండం తప్పింది" అని ఒకాయన ఈయననే ఓదార్చాడు. నేనింక ఆగలేకపోయాను.

"సడన్‌గా కాదండీ. మెకానిక్ చెప్పాడు, నేనూ చెప్పాను. ఈయనకి ముందే తెలుసు."

అత్తగారు నా చెయ్యి గట్టిగా గిల్లారు. పోలీసులు వచ్చాక వాళ్లకీ అదే చెప్పాను.

మా వారి మీద కేసయింది. బ్రేకులన్నీ మార్పించారు. నాతో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు. చుట్టాలందరూ ఒకటే మాట: "కట్టుకున్నవాణ్ని నలుగురిలో అలా నిలబెడతావా?" పాడైన బండిని రోడ్డెక్కించడమేమిటని ఆయనని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

కొన్నాళ్లకి ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎముక అతుక్కుంది గాని పిడికిలి బిగుసుకోవడం లేదు. బస్తా ఎత్తలేరు, వల లాగలేరు.

"మీ ఆయన మంచోరమ్మా, ఆస్పత్రి దాకా వచ్చారు. నా టైం బాగోలేదంతే" అన్నారు.

ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. దెబ్బ తిన్న మనిషే అలా అంటుంటే ఇక ఎవరితో చెప్పుకోను?

గుమ్మం దాకా సాగనంపడానికి ఆయన భార్య వచ్చింది. "బ్రేకులు పాడయ్యాయని తెలిసే నడిపారా అండీ?" అని మెల్లిగా అడిగింది.

"తెలిసేనండీ" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి, భర్తకి అన్నం కలిపి పెట్టడానికి కూర్చుంది.