జాడీకి రిబ్బను ముడి

నా చిన్నప్పుడు వేసవి సెలవులు పిల్లలం మాకే గాని మా అమ్మకి కావు. బడి మూసేస్తే మాకు ఆట, ఆవిడకేమో నలుగురు పిల్లలు పొద్దస్తమానం ఇంట్లోనే ఉండడం. మాది చోడవరంలో ఊరి చివర ఇల్లు. పెరటి గోడ దాటితే చెరకు తోటలే. నాన్న, చిన్నాన్న కలిసి వ్యవసాయం చేసేవారు. నాన్న తల్లిని మేము మామ్మ అనేవాళ్ళం. ఇంటి పెత్తనం ఆవిడది, ఇంటి చాకిరీ అమ్మది. ఇప్పుడు నేనూ ఆ మామ్మ వయసుకి వచ్చాను కాబట్టి ఆవిడని ఆట్టే తిట్టను. కొంచెం తిడతాను.

వేసవి చివరికొచ్చేసరికి అమ్మకి కాలు నిలిచేది కాదు. మృగశిర కార్తె రాకముందే అన్నీ తెమలాలి. చింతపండు గింజ తీసి ముద్దలు కట్టడం, మిరపకాయలు దంపించడం, పెరట్లో మంచాల మీద వడియాలు పెట్టడం ఒక ఎత్తు. వానలొస్తే ఇల్లు కారకుండా పెంకులు సర్దే మనుషులు ఇంటి మీద ఉంటే, వాళ్ళకి మజ్జిగ. చెరకులో కలుపు తీసే ఆడవాళ్ళకి చోడి అంబలి, అంటే రాగి జావ. వీటన్నిటి మధ్యా మా ఆఖరి తమ్ముడికి ఏదో ఒక జ్వరం. అమ్మని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆవిడ మొహం కాదు, వీపు. ఎప్పుడు చూసినా దేని మీదో వంగే ఉండేది. ఆకలేస్తోందమ్మా అని వీపుతోనే చెప్పేదాన్ని. ఉండవే, వస్తన్నాను అని ఆ వీపే జవాబు చెప్పేది.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. అంతవరకూ రోజూ సాయంత్రం నాకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది అమ్మ. ఆ ఏడు తీరిక లేక, ముడి నువ్వే కట్టుకోవే అని నేర్పించింది. రెండు చెవులు తీసి, ఒకదాన్ని రెండోదాని కిందనుంచి లాగితే పువ్వులా నిలబడుతుంది. ఒక్క కొస పట్టుకుని లాగితే ఊడిపోతుంది. నాకదెంత గొప్పగా ఉండేదంటే దూడ పలుపుకీ కట్టాను, తమ్ముడి మొలతాడుకీ కట్టాను. ఇంట్లో ఇంకెవరికీ ఆ ముడి రాదని మురిసిపోయాను కూడా. ఆ మురిపెమే తరవాత నా మెడకి చుట్టుకుంది.

ఆ ఏడాది ఆవకాయ పెద్ద జాడీలో పెట్టారు. మూడోనాడు అమ్మ దాన్ని తిరగ కలిపి, నూనె పోసి, మూతి మీద పాత పంచె గుడ్డ వేసి, చిరిగిన చీర అంచుతో పీటముడి వేసి బిగించింది. జాడీని సామాన్ల గదిలో చీకటి మూల పెట్టారు. మళ్ళీ పదిహేను రోజులకి విప్పి చిన్న జాడీల్లోకి తీయాలి. అంతవరకూ దాని జోలికి ఎవరూ పోకూడదు.

నేను పోయాను. మధ్యాహ్నం అమ్మ పొలానికి అంబలి పట్టుకెళ్ళిన వేళ, మామ్మ కునుకు తీసే వేళ. పీటముడిని పళ్ళతో పీకి విప్పి, చెయ్యి లోపలికి పెట్టి ఒక ముక్క తీసుకున్నాను. ఆ నూనె, ఆ ఆవ ఘాటు, ఇంకా మెత్తబడని ఆ ముక్క పులుపు, ఇప్పటికీ నోరూరుతుంది. సిగ్గు లేదు నాకు. తినేశాక పీటముడి వెయ్యడం రాక నాకొచ్చిన ముడే వేశాను. ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అలా పది రోజులు. వెళ్ళిన ప్రతిసారీ బుద్ధిమంతురాలిలా నూతి దగ్గర చేతులు కడుక్కునే వెళ్ళాను. తిండి ముట్టుకునే ముందు చెయ్యి కడుక్కోవాలని మాకు చిన్నప్పటినుంచీ నేర్పిందాయె అమ్మ. తడి చెయ్యి ఊరగాయకి విషం అన్నది మాత్రం నా బుర్రకి తట్టలేదు.

మా పిన్ని సంగతి చెప్పాలి. చిన్నాన్నకి ఆ మాఘంలోనే పెళ్ళయింది. పిన్నిది చీడికాడ వైపు పల్లె. మా ఇంట్లో ఆమెకి అదే మొదటి వేసవి. పని బాగా చేసేది, మాట తక్కువ. మా ఇంట్లో నెలకి మూడు రోజులు బయట చేరిన ఆడవాళ్ళు వెనక వసారాలో విడిగా కూర్చోవాలి. ఆ వసారాకి ఆనుకునే సామాన్ల గది. పిన్ని అలా కూర్చున్న రోజుల్లో ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలీ వానా వచ్చి జల్లు కొట్టింది. తడిసిపోతూ పిన్ని లేచి సామాన్ల గది గుమ్మంలో నిలబడింది. అంతే, గుమ్మం దాటి లోపలికి పోలేదు. కానీ మామ్మ చూసింది.

పదిహేను రోజులూ అయ్యాయి. చిన్న జాడీలు తుడిచి ఎండబెట్టి, అమ్మ పెద్ద జాడీ మీదకి వంగింది. మామ్మ వెనకాల గరిటె పట్టుకుని నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను. అమ్మ చేతులు ముడి దగ్గర ఆగిపోయాయి. ఆ పదిహేను రోజుల్లో జాడీ వైపు తల తిప్పి చూసే తీరిక ఆవిడకి లేదు. ఇప్పుడు చూసింది. చీర అంచు మీద నా రిబ్బను పువ్వు అందంగా కూర్చుని ఉంది. అమ్మ కొస పట్టుకుని ఒక్క లాగు లాగి, ఆ పీలికని బొడ్లో దోపుకుంది. నా వైపు తిరగలేదు. గుడ్డ తీసేసరికి గుప్పున చెడ్డ వాసన వచ్చింది. ఆవకాయ పైనంతా తెల్లగా బూజు పట్టి ఉంది.

ఏడాది ఆవకాయ పోవడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కూలీలకి పెట్టాలన్నా, వానాకాలం కూర లేనప్పుడు మేము తినాలన్నా అదే దిక్కు. ఇంటికి కీడని కూడా అనుకునేవారు. మామ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆవిడకి ముందే తెలిసిపోయింది. బయట చేరిన పిన్ని గుమ్మంలోకొచ్చి నిలబడిన నాడు ఆమె నీడ జాడీ మీద పడిందని తీర్మానించేసింది. ఎలాగూ కొత్త కోడలు ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళాలి కదా, ఇంకా రెండు వారాలుందని చూడకుండా ఎల్లుండి పొద్దున్న బస్సుకే పంపించెయ్యమంది. ఆషాఢం వెళ్ళాక కూడా మనం కబురు పెడితేనే రావాలంది. ఆ మాటకి అర్థమేమిటో నాకు కూడా తెలుసు. కబురు ఎప్పటికీ వెళ్ళకపోవచ్చు. మా వీధిలోనే ఒకామె అలా వెళ్ళి మళ్ళీ రాలేదు. చిన్నాన్న తల్లి ముందు నోరెత్తే మనిషి కాడు. పిన్ని ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా నలుగురు పిల్లలకీ అన్నం పెడుతూ, ఎవరైనా జాడీ ముట్టుకున్నారా అని అమ్మ అడిగింది. గొంతులో కోపం లేదు. కళ్ళు గరిటె మీదే ఉన్నాయి. అందరికంటే ముందు తల అడ్డంగా ఊపింది నేనే. తమ్ముళ్ళింకా ప్రశ్న అర్థం చేసుకుంటూనే ఉన్నారు. అమ్మ నా కంచంలో ఇంకాస్త అన్నం వేసి లేచిపోయింది. ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ కూడా ఏమీ అనలేదు. ఎప్పుడూ హడావిడిగా లాగి అల్లే మనిషి, ఆ రోజు నెమ్మదిగా అల్లింది. అటు పొయ్యి మీద ఎసరు పొంగుతున్నా లేవలేదు. ఆవిడ నాకు టైమిస్తోందని అప్పుడు తెలియలేదు. తెలిసినా చెప్పేదాన్నో కాదో. మామ్మంటే నాకంత భయం.

ఆ మర్నాడు పొద్దున్నే పిన్ని తన ట్రంకు పెట్టె సర్దుకుంది. చిన్నాన్న దాన్ని సైకిలు వెనక కట్టడానికి తాడు తెచ్చాడు. పిన్ని మామ్మ కాళ్ళకి దండం పెట్టబోతే మామ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది.

"అత్తమ్మా, ఆ పిల్లని పంపకండి. జాడీ నేనే పాడుసేసేను. తిరగ కలిపినరోజు పనోళ్ళకి అంబలి పోసి, తడి సెయ్యి తుడుసుకోకుండా ఎట్టీసేను. బయపడి సెప్పలేదు."

చిన్నాన్న తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మామ్మ అరుగు మీద కూలబడి, అమ్మని కిందనుంచి మీదకి చూసి, పన్నెండేళ్ళయి కాపరం చేస్తన్నావు, తడి సెయ్యికీ పొడి సెయ్యికీ తేడా తెలీదా అంది. అక్కడ మొదలుపెట్టి సాయంత్రం దాకా అంది. ఇరుగుపొరుగు వాళ్ళని పిలిచి మరీ అంది. అమ్మ పుట్టింటివాళ్ళనీ వదల్లేదు. అమ్మ తలవంచుకుని ఆ ఆవకాయంతా ఎత్తి పెంటలో పారబోసింది. జాడీ మూడుసార్లు తోమింది. నేను పెరట్లో గోడ వారన నిలబడి అంతా విన్నాను. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల కొట్టుకుంటూనే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. ట్రంకు పెట్టె మళ్ళీ లోపలికి వెళ్ళింది. అదొక్కటే నాకు ఊపిరి తీసుకోనిచ్చింది.

నాలుగు రోజుల తరవాత బడి తెరిచారు. అమ్మ పొద్దున్నే నన్ను ముందు కూర్చోబెట్టుకుని తనే జడలు వేసింది. రిబ్బన్లు కూడా తనే కట్టింది. కట్టి, నా భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఆ వేసవి మొత్తం మీద అమ్మ మొహం నేను అంత దగ్గరగా చూసింది అప్పుడే. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఈ ముడి జాడీకి కాదే గుంటా, జడకి. నేను మీ పిన్ని కోసం సెప్పేను, నీ కోసం కాదు. నీది నువ్వే సెప్పుకోవాల. ఎప్పుడు సెప్తావో నీ ఇష్టం."

అని పలకా సంచీ చేతికిచ్చి పంపేసింది. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేను ఏడుస్తూ బడికి బయల్దేరి, దార్లోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం వాన పడి, అమ్మ కట్టెలు లోపల వేసుకుంటూ ఉంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. గాలివానకి రాలిన కాయలు ఏరి ఆ ఏడు మళ్ళీ కాసింత ఆవకాయ పెట్టారు. అమ్మని కాయలు కొయ్యనిచ్చింది గాని కలపనివ్వలేదు మామ్మ. పిన్ని చేత కలిపించింది. అదే అలవాటైపోయింది. అప్పటినుంచీ ఏటా ఊరగాయల వేళకి, మా పెద్ద కోడలిది తడి సెయ్యి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది మామ్మ. నవ్వుతూనే చెప్పేది. అమ్మ కొంగుకి రెండు చేతులూ తుడుచుకుని కత్తిపీట ముందు కూర్చునేది. నేను పక్కనే ముక్కలు తుడుస్తూ వినేదాన్ని. పదేళ్ళు, పదిహేనేళ్ళు విన్నాను. నా పెళ్ళయింది, అనకాపల్లి వచ్చేశాను. మామ్మ పోయింది, ఆ మాట నిజమనుకునే పోయింది. ఆ తరవాత అమ్మా పోయింది.

మూడేళ్ళ కిందట వేసవి వెళ్ళిపోతుండగా పిన్నిని చూడ్డానికి చోడవరం వెళ్ళాను. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటోంది. పెంకులు పోయి డాబా అయింది గాని వెనక వసారా అలాగే ఉంది. అక్కడే కూర్చుని చెప్పాను, ఆ ఏడు జాడీలో చెయ్యి పెట్టింది నేనే పిన్నీ అని. అరవై దాటిన ముసల్దాన్ని, తొమ్మిదేళ్ళ పిల్లలా కొంగు నలుపుతూ చెప్పాను. పిన్ని ఏమీ ఆశ్చర్యపోలేదు. నాకప్పుడే తెలుసే, ఇక్కడే కూకున్నాను గదా, నువ్వు మూతి తుడుసుకుంటూ రావడం సూడనేదనుకున్నావా అంది. మరి ఎందుకు చెప్పలేదు, నిన్నే పంపించేస్తున్నారు గదా అన్నాను. సెప్తే మాత్రం ఎవలు నమ్ముతారు, పసిదాని మీదకి తోసీసిందంటారు, నువ్వేమో తన్నులు తింటావు అంది. తరవాత అడిగింది.

"మీ అమ్మతో సెప్పేవా?"

అమ్మకి తెలుసు కదా పిన్నీ అన్నాను.

"తెలుసులే. నువ్వు సెప్పేవా అని అడుగుతన్నాను. ఏటా జాడీ ఇప్పినప్పుడు నీకేసి సూసేది ఆవిడ. నేను సూసేదాన్ని."

నేను లేచి నా సంచీ సర్దుకున్నాను. వచ్చేటప్పుడు చిన్న సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చింది. షేర్ ఆటోలో ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని అనకాపల్లి దాకా ఏడ్చాను. పక్కనున్న అమ్మాయి ఏమైందండీ అని అడిగింది కూడా. అమ్మకి ఊపిరి సలపని పని ఉండేది, వినే తీరిక లేక నేను చెప్పలేదు అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తీరిక లేని ఆ మనిషి ఏటా జాడీ దగ్గర ఆగి, నాకేసి చూసి, నేను నోరు విప్పుతానేమోనని ఎదురు చూసింది. చిన్న జాడీలు తుడుస్తూ తలవంచుకుని కూర్చున్నదాన్ని, నేనే తలెత్తలేదు.

ఇప్పుడు ఊరగాయలు కొనుక్కోవడమే సుఖమంటుంది మా కోడలు. అయినా నేను ఏటా ఒక చిన్న జాడీ పెడతాను. కొంగుకి రెండుసార్లు చేతులు తుడుచుకుని పీటముడి వేస్తాను. పదిహేనో రోజున విప్పేముందు, వంటింట్లో ఎవరున్నా లేకపోయినా, అమ్మా ఆ తడి చెయ్యి నాదే అని పైకే అంటాను. మా మనవరాలు మొదట్లో నవ్వేది, ఇప్పుడు నవ్వదు. ఆ మాట అనడానికి ఎంతసేపూ పట్టదు. జాడీకి గుడ్డ కట్టినంత సేపు కూడా పట్టదు.