సినిమాలో మంచుగా పడిన ఊరు

డాక్యుమెంటరీ సినిమాలు లోకాన్ని మారుస్తాయా లేదా అన్న విషయం మీద సాలూరు గ్రంథాలయంలో దొరికినదంతా చదివాను. బడి మధ్యలో మానేసిన నాకు చదువంటే అదే. సంతకు కొండ దిగినప్పుడల్లా అక్కడ కూర్చునేవాణ్ణి. మారుస్తాయని కొందరు రాశారు, మార్చవని కొందరు. సగం మారి ఆగిపోయిన చోట మనుషులు ఎలా బతుకుతారో మాత్రం ఎవరూ రాయలేదు. మా అత్త అలాంటి చోట ఉంది. ఆమెకు చదువు రాదు. అందుకని నేను రాసిపెడుతున్నాను.

అత్త మా నాన్న చెల్లెలు. ఆమెది పై ఊరు, మాది కింది ఊరు. మధ్యలో నిటారుగా రాళ్ల బాట. అప్పట్లో రెండు ఊళ్లకూ రోడ్డు లేదు. ఎవరికైనా జబ్బు చేస్తే కర్రకు దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి మోసుకుని దిగేవాళ్లం. దాన్నే డోలీ అంటారు. ఆ డోలీ మీద సినిమా తీయడానికి నగరం నుంచి ఒక మేడమ్, కెమెరా పట్టే ఇద్దరు వచ్చారు. దారి చూపడానికి నేను వెళ్లాను.

చలికాలం. పై ఊరు మంచులో మునిగి ఉంది. మధ్యాహ్నమైనా విడవలేదు. కెమెరాలో తెలుపు తప్ప మరేమీ పడటం లేదు. మేడమ్ అత్త ఇంటి అరుగు మీద కూర్చుని చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతూ ఎదురుచూసింది.

"ఈ మంచు ఎప్పుడు పోతుందమ్మా?" అని అడిగింది.

"నాను రమ్మన్నానేటి, పొమ్మనడానికి?" అంది అత్త.

ఆఖరికి అందరం కింది ఊరికి దిగాం. అక్కడ ఎండ బాగా ఉంది. డోలీలో పడుకోవడానికి ఒక మనిషి కావాలంటే అత్త ముందుకొచ్చింది.

"నీకేటి రోగం?" అని మోసేవాళ్లు ఏడిపించారు.

"మీ మొకాలు సూసి వొచ్చీసినాదిరా," అంటూ ఎక్కి పడుకుంది. నవ్వు ఆపుకోలేక దుప్పటి మొహం మీదికి లాక్కుంది. సినిమాలో చూస్తే ఆ దుప్పటి కదలడం ఏడుపులా ఉంటుంది.

ఆ సినిమాను చాలామంది చూశారు. అధికారులూ చూశారు. రోడ్డు వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. కింది ఊరి దాకా వచ్చి, సినిమాలో డోలీ ఎత్తిన పనస చెట్టు దగ్గర ఆగింది. పై ఊరి సంగతేమిటని ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి ఉద్యోగి ఓపిగ్గానే జవాబిచ్చాడు. "సినిమాలో చూపించిన ఊరికి వేసేశాం కదండీ."

పోయినేడు వానల్లో అత్తకు నిజంగానే జబ్బు చేసింది. కిడ్నీలు పాడయ్యాయన్నారు. పనస చెట్టు దాకా డోలీలోనే దించాం, అక్కడ అంబులెన్సు ఎక్కించాం. బతికింది. కానీ వారం వారం డయాలసిస్‌కు పార్వతీపురం వెళ్లాలి. ప్రతిసారీ ఎత్తి దించడానికి పై ఊళ్లో మనుషులు లేరు. చిన్నపిల్లలున్న వాళ్లంతా రోడ్డు పక్కకు దిగిపోయారు. అత్త ఇప్పుడు మా వాకిట్లో రేకుల పాకలో ఉంటోంది.

"నన్ను బేగి పైకి తీసుకెల్లిపోండిరా," అని రోజూ అడుగుతుంది.

"ఎల్లి ఏటి సేత్తావు? మల్లీ దింపీదెవులు?" అంటాడు ఆమె కొడుకు. వాడు చెడ్డవాడు కాదు. డోలీ కర్ర మోసి మోసి వాడి భుజం కాయలు కాచి ఉంది.

ఒకరోజు అత్త నన్ను పిలిచింది. "ఆ సినిమా ఎట్టరా. మా ఊరు సూత్తాను."

ఫోన్‌లో పెట్టాను. పై ఊరు మొదట్లో కాసేపే ఉంది. అంతా తెలుపు. లోపలెక్కడో కోడి కూత, తిరగలి చప్పుడు. అత్త ఆ తెలుపు మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇది మా గుమ్మం. ఇక్కడ తిరగలి."

వేలి కింద నాకేమీ కనబడలేదు. డోలీ వచ్చేసరికి ఆపేయమంది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.

పేర్లు రాయడం లేదు, ఎవరికి వాళ్లకు తెలుస్తుంది. అత్తను దించిన నలుగురు బావలకు, అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, ఆ మంచును కత్తిరించి పారేయకుండా సినిమాలో ఉంచిన మేడమ్‌కు నా దండాలు. అత్తకు కూడా. ఇది రాస్తున్నానని చెబితే, "నాను పైకి ఎల్లిపోయినానని రాసీ," అంది. అదొక్కటీ రాయలేకపోయాను.