మా అమ్మ బాగుచేసిన ఆసిలోస్కోపు

మా చిన్నప్పుడు నాయన గొంతు బస్సులో వచ్చేది...

కువైట్ నుంచి జమ్మలమడుగుకు ఎవరో సెలవు మీద వచ్చారని తెలిస్తే చాలు, అమ్మ పొయ్యి మీది ఎసరు దించేసి, నన్ను వెంటబెట్టుకుని మా ప్రొద్దుటూరు బస్టాండుకు పరుగెత్తేది. బస్సెక్కి వాళ్ళింటికి పోయి, నాయన పంపిన క్యాసెట్టు తెచ్చుకునేవాళ్ళం. నాయన దాంట్లో ఒకవైపు మాట్లాడి పంపేవాడు. రెండో వైపు మేము మాట్లాడి, మళ్ళీ అటు పోయే వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. అమ్మ ఐదో తరగతితోనే బడి మానేసింది. జాబు రాయాలంటే బెరుకు, మాట్లాడమంటే మాత్రం క్యాసెట్టు చాలేది కాదు...

నాయన రేడియో, టీవీ మెకానిక్కు. కువైట్ పోకముందు మా వీధిలోనే చిన్న షాపు ఉండేది. ఏదో కాలేజీలో పనికిరాదని పక్కన పడేసిన పాత ఆసిలోస్కోపును తెచ్చి పెట్టుకున్నాడు. కరెంటు ఎట్లా పోతోందో గీతలా చూపించే పెట్టె అది. గుండ్రటి చిన్న తెర, పక్కనంతా తిప్పే నాబులు. స్విచ్చి వేస్తే ఎర్ర బల్బు వెలిగేది, తెర మాత్రం చీకటి. దాని సంగతి చూసే తీరిక దొరక్కముందే వీసా వచ్చింది. పెట్టె అటక మీదికి, నాయన కువైట్‌కు...

రెండేళ్ళని పోయినవాడు నాలుగేళ్ళైనా తిరిగి రాలేదు. నడుమ ఒక్కసారి సెలవుకు వచ్చాడంతే. నాకప్పుడు పదేళ్ళు, ఒక్కతే కూతురిని. ఎప్పుడొస్తావని అమ్మ ప్రతి క్యాసెట్టులో అడిగేది. ఒకసారి జవాబు వచ్చింది.

"ఇప్పుడు కలర్ టీవీలొచ్చినాయి. ఆ స్కోపు లేకుండా షాపు తెరిచి ఏం చేసేది? అది పనిచేస్తాంటే ఎప్పుడో వచ్చేసింటా."

అమ్మ ఆ మాటను మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది.

సంగతి తెలిసి నాయన హడలిపోయాడు. తర్వాతి క్యాసెట్టు మొదటి సగమంతా తిట్లే. అమ్మ పట్టు పడితే వదిలే రకం కాదని ఆయనకూ తెలుసు కదా... రెండో సగంలో దారికొచ్చాడు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలిచే ఉంటుంది, రెండు రోజులు వదిలేశాకే మూత తియ్యాలి, తెర వెనక గొట్టం జోలికి అసలు పోకూడదు. ఇవన్నీ నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. క్యాసెట్టు తిరిగి పోవాల్సిందే కదా మరి.

మూత తియ్యకుండా వెనక చిల్లుల్లోంచి చూస్తే గొట్టం చివర ఎర్రగా వెలుగుతోందా అని ఒక క్యాసెట్టు. వెలుగుతోందని మా జవాబు. అయితే తెర బాగానే ఉంది, లోపల చిన్న డబ్బాల్లా ఉండే కండెన్సర్లలో ఏదైనా ఉబ్బిందేమో చూడమని ఇంకో క్యాసెట్టు. ఒక్కో ప్రశ్నకు నెల, నెలన్నర పట్టేది. ఒకసారి పులివెందులలో ఎవరో ప్రయాణమవుతున్నారంటే జవాబు తీసుకుని అంత దూరం పోయాం. ఆయన పొద్దున్నే బయల్దేరి వెళ్ళిపోయాడట... ఆ క్యాసెట్టును కొంగున కట్టుకుని అమ్మ తిరుగు బస్సెక్కింది.

చివరికి ఉబ్బిన కండెన్సరు దొరికింది. పైభాగం బోండాలా పొంగి ఉంది. పాతది తీసేముందు బొమ్మ గీసుకోమని, ప్లస్సు ఏ వైపు ఉందో గుర్తు పెట్టుకోమని నాయన చెప్పాడు. బొమ్మ గీసింది నేనే. అమ్మ రేడియో సామాన్ల షాపు నుంచి కొత్తది తెచ్చి, వేళ్ళు కాల్చుకుంటూ సాల్డరింగ్ పెట్టింది. స్విచ్చి వేసింది.

టపాసులా పేలింది. ఇల్లంతా పొగ. ఎర్ర బల్బు కూడా ఆరిపోయింది.

నా బొమ్మలో ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. పుస్తకం చూడగానే నాకు అర్థమైంది. నాయన ఇంక రాడు, నా వల్లే రాడు అనుకుని బండల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ పుస్తకం తీసుకుని ఆ పేజీని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని క్యాసెట్టులో చెప్పింది.

"నేనే తలకిందులు బిగించినా. పేలిపోయింది. ఇప్పుడేం చేసేదో చెప్పు."

తప్పును తన మీద వేసుకున్న ఆ మాటను నేను ఇప్పటికీ మర్చిపోలేదు... మర్చిపోను కూడా.

నాయన జవాబు నిండా నవ్వే. పని నేర్చుకునే రోజుల్లో తాను ఎన్ని పేల్చాడో చెప్పుకొచ్చాడు. ఫ్యూజు కూడా పోయి ఉంటుంది, అదీ మార్చమన్నాడు. కండెన్సరు బిగించే చోట చిన్న ప్లస్సు గుర్తు ఉంటుంది, అది చూసి మళ్ళీ గీసుకోమన్నాడు. ఈసారి కూడా అమ్మ బొమ్మ నాచేతే గీయించింది.

స్విచ్చి వేసి ఇద్దరం తలుపు దాకా వెనక్కి వచ్చాం. పేలలేదు. కాసేపటికి తెర మీద పచ్చటి గీత... కొంచెం వాలిపోయి, సన్నగా వణుకుతూ. నాయన చెప్పినట్టు వైరు కొసను వేలితో ముట్టుకుంటే అది అలలుగా లేచింది. అమ్మ వేలు తియ్యడం, మళ్ళీ పెట్టడం, తియ్యడం... ఆ మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయింది.

కబురు అందిన మూడు నెలలకు నాయన వచ్చేశాడు. మళ్ళీ పోలేదు. నేను చదువుకున్నా, ఈ రోజు ఇట్లా ఉన్నా, ఆయన ఇంట్లో ఉండబట్టే.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి గమనించాను. షాపులో ఆ స్కోపును వాడటం అరుదు. నిజంగా అది లేకుంటే షాపు నడిచేది కాదా అని నాయననే అడిగేశాను. ఆయన తల వంచుకుని నవ్వాడు.

"అది లేకున్నా నడిచేదమ్మా. ఉత్త చేతుల్తో యా మొగం పెట్టుకోని వచ్చేది? ఏదో ఒకటి చెప్పాల గదా... అది చెప్పినా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా అమ్మ దగ్గరకు పోయి, నాయన మనల్ని మోసం చేశాడని చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"సాకని నాకు తెలీదా? అందుకే బాగు చేసినా."

ఇప్పుడు కువైట్‌లో ఉన్నవాళ్ళు పొద్దునా సాయంత్రం ఫోనులో కనిపిస్తున్నారు. ఏది చెడిపోయినా కొత్తది కొనేస్తున్నాం. ఒక ప్రశ్నకు జవాబు కోసం నెలన్నర ఎదురుచూసే ఓపిక నాకైతే లేదు... అమ్మకు ఉండబట్టే మాకు నాయన దక్కాడు.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు, తమకు చేతకాని పని నేర్చుకుని మరీ ఇంకొకరిని ఇంటికి తెచ్చుకునే ఉంటారు. వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... రాసింది ముందు వాళ్ళకు చదివి వినిపించండి. నేను అమ్మకు వినిపించాకే ఇది పెడుతున్నాను.